మణికట్టు బలం, మణికట్టు బాధ
(సానియా మీర్జా క్రీడాజీవితం – ఒక పరిశీలన)

మన నారాయణఖేడ్ ప్రాంతంలో ఆటలంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. క్రికెట్ సంగతి సరే, అది లేని వీధి లేదు. టెన్నిస్ కోర్టును కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం మనలో తక్కువమందే వుంటారు. ఆ ఆటకు మంచి రాకెట్టు కావాలి, చదునైన కోర్టు కావాలి, నేర్పే గురువు కావాలి, అన్నిటికన్నా ముందు చేతిలో డబ్బు కావాలి. అయినా 2005 తర్వాత మన పల్లెల్లో గూడా ఒక టెన్నిస్ క్రీడాకారిణి పేరు వినని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ఆమే హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా.

ఆమె ప్రస్తావన వచ్చినప్పుడల్లా నలుగురూ అనే మాట ఒకటున్నది. "గాయాలే లేకుంటే ఎక్కడికో పోయేది" అంటారు. ఈ మాటలో సానుభూతి వున్నది, నిజం గూడా కొంత వున్నది. కాని ప్రతిభ ఆమె సొంతం, గాయాలు మాత్రం ఎక్కడినుంచో వచ్చిపడిన దురదృష్టం అన్న భావన అందులో దాగివున్నది. ఆమె ఆటను కొంచెం దగ్గరగా పరిశీలిస్తే వేరే సంగతి బోధపడుతుంది. ఏ దేహలక్షణం ఆమెకు అంతటి దెబ్బను ప్రసాదించిందో, ఆ లక్షణమే ఆమె కీళ్ళను గూడా అరగదీసింది. ఆ సంగతి తెలుసుకుని, తన దేహానికి తగినట్టు తన ఆటనే మార్చుకోవటంలో ఆమె గొప్పతనం వున్నది. ఈ వ్యాసంలో వివరించదలచుకున్నది ఇదే.

నిజాం క్లబ్బు నుంచి వింబుల్డన్ దాకా

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది. పసితనంలోనే కుటుంబం హైదరాబాదుకు వచ్చేసింది. ఆరేళ్ళ వయసులో రాకెట్టు పట్టింది. నిజాం క్లబ్బు కోర్టుల మీద తొలి అడుగులు పడ్డాయి. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమెకు ముఖ్యమైన శిక్షకుడు. నాస్ర్ స్కూలులో చదువు, ఆ తర్వాత సెయింట్ మేరీస్ కాలేజీలో డిగ్రీ. అంటే ఆటా చదువూ జోడెద్దుల్లాగా నడిచినాయన్నమాట.

2003లో హైదరాబాదులో జరిగిన మహిళల అంతర్జాతీయ పోటీలో ప్రత్యేక ప్రవేశం దొరికి, పదహారేళ్ళ వయసులో పెద్దవాళ్ళ సరసన ఆడింది. తొలి రౌండులోనే ఓడింది. కాని అదే ఏడు వింబుల్డన్ బాలికల డబుల్స్‌లో రష్యా అమ్మాయి అలీసా క్లెయ్‌బనోవాతో కలిసి కప్పు గెలిచింది. ఆ ఏడాది చివర్లో హైదరాబాదులోనే జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో నాలుగు బంగారు పతకాలు సాధించింది. ఆ అమ్మాయిలో ఏదో వున్నదని అప్పటికి అందరికీ అర్థమయింది. ఆ "ఏదో" ఏమిటి?

ఆ దెబ్బ రహస్యం

టెన్నిస్‌లో కుడిచేతివాటం మనిషి తన కుడివైపుకు వచ్చిన బంతిని అరచేతి వైపునుంచి కొట్టే దెబ్బను ఫోర్‌హ్యాండ్ అంటారు. సానియా ఫోర్‌హ్యాండ్ ప్రపంచంలోని బలమైన ఫోర్‌హ్యాండ్లలో ఒకటిగా పేరుపొందింది. ఆమె కండలు తిరిగిన మనిషి కాదు. మరి అంత వేగం ఎక్కడిది?

మన ఊళ్ళల్లో ఒడిసెల తిప్పి రాయి విసరటం చూసే వుంటారు. జొన్నచేల మంచెల మీద పిట్టలను తోలేవాళ్ళు ఒడిసెలను గిరగిరా తిప్పి ఒక కొసను వదులుతారు. రాయి వేగం కేవలం చేతి బలం మీద ఆధారపడదు, తాడు ఎంత సాగి, ఎంత విసురుగా తిరిగిందన్నదాని మీద ఆధారపడుతుంది. టెన్నిస్ దెబ్బ గూడా అలాంటిదే. బలం ముందు కాళ్ళలో పుడుతుంది. నడుము మలుపులో పెరుగుతుంది. భుజం మీదుగా, మోచేయి మీదుగా వచ్చి, చివరకు మణికట్టు దగ్గర కొరడా కొసలాగా విదిలింపుతో బంతికి చేరుతుంది. ఈ చివరి మెట్టులో మణికట్టు ఎంత వెనక్కు వంగగలిగితే విసురు అంత పెరుగుతుంది.

సానియా కీళ్ళు మామూలు మనుషుల కీళ్ళకంటే చాలా ఎక్కువగా వంగుతాయి. ఈ సంగతి ఆమే చెప్పుకున్నది. వైద్యులు దీనిని కీళ్ళ అతిచలనం అంటారు. కొందరు బొటనవేలిని వెనక్కు వంచి ముంజేతికి ఆనించటం మన తరగతుల్లో గూడా చూస్తుంటాం. అటువంటి దేహనిర్మాణమే అది. ఎముకకూ ఎముకకూ మధ్య కట్టులాగా వుండే స్నాయువులు వాళ్ళలో కాస్త వదులుగా వుంటాయి. సానియా మణికట్టు అంత వెనక్కు వంగటం వల్లనే ఆఖరి క్షణం దాకా ఆమె బంతిని ఏ మూలకు కొడుతుందో అవతలి మనిషికి అంతుపట్టేది కాదు.

ఇక దీని రెండో ముఖం చూద్దాం. మణికట్టు ఎనిమిది చిన్న ఎముకల కూడలి. వాటిని ఒకచోట పట్టివుంచేవి ఆ స్నాయువులే. అవి వదులుగా వున్నప్పుడు కీలును కాపాడే భారం చుట్టూవున్న కండరాల మీదా, కండరాన్ని ఎముకకు కట్టే నరాల్లాంటి తాళ్ళ మీదా పడుతుంది. ఈ తాళ్ళనే వైద్యశాస్త్రంలో టెండన్లు అంటారు. వాటికి రక్తప్రసారం తక్కువ. కండరం చీలితే వారాల్లో అతుక్కుంటుంది, టెండన్ దెబ్బతింటే నెలలు పడుతుంది. ఇక లెక్క వేసుకోండి. టెన్నిస్ బంతి బరువు అరవై గ్రాములకు లోపే. కాని అది గంటకు వంద కిలోమీటర్లకు పైచిలుకు వేగంతో వచ్చి రాకెట్టుకు తగులుతుంది. రోజుకు కొన్ని వందలసార్లు, ఏడాదిలో పదినెలలు, ఆరో ఏటినుంచి మొదలుకొని! మామూలు మణికట్టే నొచ్చుకుంటుంది. వదులు మణికట్టు సంగతి చెప్పవలసిన పని లేదు.

2005 – దేశమంతా కోర్టు వైపు చూసిన ఏడాది

2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండుకు చేరింది. ఒక భారతీయ మహిళ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్ళటం అదే మొదటిసారి. (గ్రాండ్‌స్లామ్ అంటే ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, అమెరికన్ – ఈ నాలుగు మహాపోటీలు.) అక్కడ సెరీనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4 తేడాతో ఓడింది. ఆ ఏడు కప్పు గెలిచింది గూడా సెరీనాయే.

వచ్చే నెలలో హైదరాబాదు ఓపెన్. రెండేళ్ళ క్రితం తొలి రౌండులో ఓడిన పోటీలోనే, తన ఊరి జనం ముందు, ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి కప్పు ఎత్తింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ కప్పు గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. డబ్ల్యూటీఏ అంటే మహిళా టెన్నిస్ వృత్తి క్రీడాకారిణుల సంఘం. మార్చిలో దుబాయిలో అప్పటి అమెరికన్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ నాలుగో రౌండుకు వెళ్ళి మరియా షరపోవా దగ్గర ఆగింది. ఏడాది ముగిసేసరికి ప్రపంచంలో మొదటి యాభైమందిలో వున్నది. ఆ ఏటి ఉత్తమ నూతన క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది.

పందొమ్మిదేళ్ళు అప్పుడే నిండాయి. మనలో చాలామంది ఆ వయసుకు డిగ్రీ ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోలేక సతమతమవుతుంటాం!

మోకాలు, ఆ తర్వాత మణికట్టు

2007 తొలినాళ్ళలో మోకాలు మొరాయించింది. ఆపరేషన్ అయింది. సన్నని గొట్టంలాంటి పరికరాన్ని చిన్న గాటు గుండా లోపలికి పంపి మోకాలిని సరిచేసే విధానం అది. కుట్లు చిన్నవే గాని, కాలి కండరాలు తిరిగి బలం పుంజుకోవటానికి వారాల సాధన కావాలి. ఆమె తిరిగివచ్చి ఆ వేసవిలో అమెరికా సిమెంటు కోర్టుల మీద తన జీవితంలోకెల్లా మంచి సింగిల్స్ ఆట ఆడింది. స్టాన్‌ఫర్డ్ పోటీలో ఫైనల్ దాకా వెళ్ళింది. 2007 ఆగస్టు 27న ఆమె సింగిల్స్ ర్యాంకు 27. అంతకన్నా పైకి ఆమె ఎన్నడూ పోలేదు.

2008 జనవరిలో ఆస్ట్రేలియాలో మళ్ళీ మూడో రౌండు. ఈసారి వీనస్ విలియమ్స్ మీద గట్టిగా పోరాడి ఓడింది. ఆ తర్వాత కొద్దికాలానికే కుడి మణికట్టు తిరగబడింది. ఆపరేషన్ చేయించుకున్నది. వింబుల్డన్ నాటికి తిరిగి కోర్టు మీదికి వచ్చింది గాని, నొప్పి పోలేదు. ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. దేశం తరఫున ఆడటం ఏ క్రీడాకారిణికైనా కల. తొలి రౌండులో చెక్ క్రీడాకారిణి ఇవెటా బెనెసోవా మీద ఆడుతూ, రెండో సెట్టు మొదట్లోనే నొప్పికి తాళలేక ఆట మధ్యలో విరమించింది. ఆ ఏటి అమెరికన్ ఓపెన్ గూడా పోయింది.

అప్పుడు ఆమె వయసు ఇరవై ఒకటి. తల దువ్వుకోవటానికి గూడా చేయి సహకరించని రోజులవి. మళ్ళీ రాకెట్టు పట్టగలనా అన్న దిగులుతో నెలల తరబడి కుంగిపోయానని ఆ తర్వాతి కాలంలో ఆమే బాహాటంగా చెప్పింది. గాయమంటే ఎముకదీ కండరానిదీ మాత్రమేనని మనం అనుకుంటాం. మనసుకు తగిలే దెబ్బ ఎక్స్‌రేలో కనపడదు. ఆరేళ్ళ నుంచి ఒకే పని చేసిన మనిషికి ఆ పని ఒక్కసారిగా దూరమైతే, రేపు పొద్దున్న లేచి ఏం చేయాలన్న ప్రశ్నే పెద్ద బరువవుతుంది.

ర్యాంకు అనే నిప్పుల కుంపటి

వృత్తి టెన్నిస్‌లో గాయం ఎందుకంత భయంకరమో తెలియాలంటే ర్యాంకుల పద్ధతి తెలియాలి. మన పరీక్షల్లో ఒకసారి వచ్చిన మార్కులు సర్టిఫికెట్టులో శాశ్వతంగా వుంటాయి. టెన్నిస్‌లో అట్లా కాదు. గడచిన 52 వారాల్లో సంపాదించిన పాయింట్లే లెక్కకు వస్తాయి. నిరుడు ఈ వారంలో గెలిచిన పాయింట్లు ఈ ఏడు ఇదే వారంలో చెరిగిపోతాయి. తిరిగి ఆడి గెలుచుకుంటే వున్నట్టు, లేకుంటే పోయినట్టు.

అంటే మంచం మీద పడుకున్న క్రీడాకారిణి ర్యాంకు తనంతట తానే దిగజారుతుంటుంది. ర్యాంకు తగ్గితే పెద్ద పోటీల్లో నేరుగా ప్రవేశం దొరకదు. ప్రవేశం లేకుంటే పాయింట్లు లేవు, పాయింట్లు లేకుంటే ర్యాంకు లేదు. ఈ చక్రంలో పడ్డవాళ్ళు సగం మానిన గాయంతోనే పరుగెత్తుకొస్తారు. సగం మానిన గాయం మరింత పెద్దదవుతుంది. ఆరు నెలలకు పైగా ఆటకు దూరమైనవాళ్ళకు పాత ర్యాంకుతో కొన్ని పోటీల్లో ప్రవేశించే వెసులుబాటు నియమాల్లో వున్నది. నాలుగైదు నెలల గాయంతో సతమతమయ్యేవాళ్ళకు ఆ ఆసరా గూడా లేదు. వేసవిలో ముప్పై చిల్లర ర్యాంకులో వున్న సానియా 2008 ముగిసేసరికి వంద దరిదాపులకు జారిపోయింది.

సగం కోర్టు లెక్క

2009 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో మహేశ్ భూపతితో కలిసి కప్పు గెలిచింది. గ్రాండ్‌స్లామ్ కప్పు గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. నిరుడు అదే కోర్టు మీద, అదే జంటగా ఫైనల్లో ఓడినవాళ్ళు వాళ్ళు. మణికట్టు ఆపరేషన్ జరిగిన ఏడాది లోపలే ఇది సాధించింది. 2011లో రష్యా క్రీడాకారిణి ఎలీనా వెస్నినాతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మహిళల డబుల్స్ ఫైనల్‌కు చేరింది. 2012లో భూపతితోనే ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ కప్పు గెలిచింది. ఈ లోపల 2011 చివర్లో మోకాలికి మరో ఆపరేషన్. మొత్తం మూడు శస్త్రచికిత్సలు.

ఇక్కడ ఆమె ఒక నిర్ణయం తీసుకున్నది. 2012తో సింగిల్స్ ఆట ముగించి, 2013 నుంచి పూర్తిగా డబుల్స్‌కే పరిమితమయింది. తన దేహం ఇక సింగిల్స్ బరువు మోయలేదని బహిరంగంగానే చెప్పింది. విమర్శించినవాళ్ళు లేకపోలేదు. మన దేశంలో సింగిల్స్‌కు వున్న గౌరవం డబుల్స్‌కు లేదు. "చేతగాక సర్దుకున్నది" అన్నవాళ్ళు గూడా వున్నారు.

ఆ నిర్ణయంలోని తెలివి అర్థం కావాలంటే కోర్టు కొలతలు చూడాలి. కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్ వెడల్పు 27 అడుగులు, దానిని ఒక్క మనిషే కాపాడుకోవాలి. డబుల్స్ వెడల్పు 36 అడుగులు, కాని మనుషులు ఇద్దరు. అంటే తలా 18 అడుగులు. పక్కలకు ఉరికి, గభాలున ఆగి, వెంటనే తిరగటం – మోకాలిని తినేసేది ఈ మూడు పనులే. డబుల్స్‌లో అవి ఎంతో తగ్గుతాయి. బంతి నాలుగైదు దెబ్బల్లోనే తేలిపోతుంది గనక మణికట్టు మీద పడే దెబ్బల సంఖ్య గూడా తగ్గుతుంది. పోగా, సింగిల్స్‌లో ఆమె బలహీనతలు రెండు: సర్వీసు అంత పదునైనది కాదు, కోర్టు మీద కదలిక అంత చురుకైనది కాదు. డబుల్స్‌లో ఆ రెండింటికీ జోడీ కాపు. ఆమె బలమైన ఫోర్‌హ్యాండ్ మాత్రం ఎప్పటిలాగా ఆయుధంగానే వుంటుంది. లోపాలు నీడకు పోయి, బలం ఎండకు వచ్చే చోటును ఆమె వెతుక్కున్నదన్నమాట.

2014లో బ్రెజిల్‌కు చెందిన బ్రూనో సోరెస్‌తో అమెరికన్ ఓపెన్ మిక్స్‌డ్ కప్పు, జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్‌తో ఏడాది చివరి డబ్ల్యూటీఏ ఫైనల్స్ కప్పు వచ్చాయి. అదే ఏడు ఇంచియాన్ ఆసియా క్రీడల్లో విశాఖపట్నం క్రీడాకారుడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం సాధించింది. ఇద్దరూ తెలుగునాటి వాళ్ళే కావటం మనకు మరింత సంతోషం.

ఇద్దరు గాయపడ్డవాళ్ళ జంట

2015 మార్చిలో సానియా స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్‌తో జత కట్టింది. హింగిస్ కథ తెలిస్తే ఈ జంట విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1997లో పదహారేళ్ళకే ప్రపంచ సింగిల్స్ మొదటి ర్యాంకు సాధించిన మేధావి ఆమె. సింగిల్స్‌లో ఐదు గ్రాండ్‌స్లామ్ కప్పులు గెలిచింది. కాని రెండు చీలమండలకూ ఆపరేషన్లు జరిగి, 2003లో ఇరవై రెండేళ్ళకే ఆట మానుకోవలసి వచ్చింది. 2006లో తిరిగివచ్చింది, మళ్ళీ ఆగింది, 2013 నుంచి డబుల్స్ ఆడసాగింది. 2006లో కొరియాలో సింగిల్స్ ఆటలో సానియా ఓడించింది ఈమెనే!

ఒకరికి చీలమండలు, ఒకరికి మోకాళ్ళూ మణికట్టూ. సానియా వెనకనుంచి ఫోర్‌హ్యాండ్‌తో దారి చేస్తే, హింగిస్ వల దగ్గర నిలబడి పని ముగించేది. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ మొదటి ర్యాంకుకు చేరింది. ఆ స్థానానికి చేరిన తొలి భారతీయ మహిళ ఆమె. వరసగా 91 వారాలు ఆ స్థానంలో వున్నది.

ఆ ఏటి వింబుల్డన్ ఫైనల్ చూసినవాళ్ళు మరచిపోలేరు. అవతల మకరోవా – వెస్నినా జంట. మొదటి సెట్టు పోయింది, రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్టులో 2-5తో వెనకబడ్డారు. చూసేవాళ్ళు ఆశ వదులుకున్నారు. వాళ్ళు మాత్రం వదులుకోలేదు. వరసగా గేములు గెలిచి 5-5 చేశారు. వెలుతురు తగ్గి కోర్టు పైకప్పు మూసేదాకా ఆట ఆగింది. తిరిగివచ్చి 7-5తో ముగించారు. ఆ తర్వాత అమెరికన్ ఓపెన్, డబ్ల్యూటీఏ ఫైనల్స్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ గూడా వాళ్ళవే. ఆస్ట్రేలియా ఫైనల్లో ఓడిన చెక్ జంట హ్లవచ్కోవా – హ్రదెక్కాలే 2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో సానియాను ఓడించినవాళ్ళు. బాకీ తీరిందన్నమాట! 2016 ఫిబ్రవరిలో దోహాలో ఓటమి ఎదురయ్యేదాకా ఈ జంట వరసగా 41 ఆటలు గెలిచింది.

గాయాన్ని ఓర్చుకుని మరో దారి పట్టినవాళ్ళు ఇంకా వున్నారు. మన పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలు ఛిద్రమై, ఒకటికి మించి ఆపరేషన్లు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ కప్పు గెలిచాడు. అర్జెంటీనాకు చెందిన డెల్‌పోట్రో 2009లో అమెరికన్ ఓపెన్ గెలిచాక రెండు మణికట్లకూ ఆపరేషన్లు జరిగాయి. ఎడమ మణికట్టు సహకరించనప్పుడు రెండుచేతుల బలమైన బ్యాక్‌హ్యాండ్ బదులు ఒంటిచేత్తో బంతిని కోసినట్టు కొడుతూ 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చుకున్నాడు.

ముగింపు తన చేతిలోనే

2017 చివర్లో కుడి మోకాలు మళ్ళీ ఇబ్బంది పెట్టింది. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. ప్రసవం తర్వాత 26 కిలోల బరువు తగ్గానని ఆమె చెప్పింది. 2020 జనవరిలో హోబార్ట్‌లో తిరిగి ఆడిన తొలి పోటీలోనే డబుల్స్ కప్పు గెలిచింది. వెంటనే పిక్క కండరం పట్టేసి ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండు మధ్యలోనే తప్పుకున్నది. గెలుపూ గాయమూ ఒకే నెలలో రావటం ఆమె జీవితంలో అలవాటైన సంగతే.

2021లో టోక్యోలో ఆమె నాలుగో ఒలింపిక్స్ ఆడింది. 2022 జనవరిలో ఇదే నా ఆఖరి సంవత్సరమని ప్రకటించింది. దేహం అలసిపోతున్నదనీ, మోకాలు నొప్పిపెడుతున్నదనీ, కోలుకోవటానికి ఇదివరకటి కన్నా ఎక్కువ కాలం పడుతున్నదనీ చెప్పింది. ఆగస్టులో మోచేతి గాయం వల్ల అమెరికన్ ఓపెన్ తప్పిపోయింది. గాయం ఈడ్చి బయటపడేస్తే పోవటం ఇష్టంలేక, ముగింపును మరికొన్ని నెలలు వాయిదా వేసుకున్నది. 2023 జనవరిలో రోహన్ బోపన్నతో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడి ఓడింది. ఫిబ్రవరిలో దుబాయిలో ఆఖరి వృత్తి ఆట ఆడింది. మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో సొంత ఊరి జనం ముందు వీడ్కోలు ఆట ఆడింది.

ఆరు గ్రాండ్‌స్లామ్ కప్పులు – మూడు మహిళల డబుల్స్‌వి, మూడు మిక్స్‌డ్‌వి. డబ్ల్యూటీఏ డబుల్స్ కప్పులు 43. సింగిల్స్ కప్పు ఒక్కటే, అదీ మన హైదరాబాదులోనే. అర్జున, పద్మశ్రీ, ఖేల్‌రత్న, పద్మభూషణ్ పురస్కారాలు వరించాయి. "గాయాలే లేకుంటే" అని లెక్కలు వేసేవాళ్ళు ఈ అంకెలను గూడా ఒకసారి చూడాలి. ఇందులో మూడొంతులకు పైగా విజయాలు మొదటి ఆపరేషన్ తర్వాత వచ్చినవే.

మనకు దీనితో ఏమి పని?

మిత్రులారా! మనం వింబుల్డన్‌కు పోయేవాళ్ళం కాకపోవచ్చు. కాని మన మైదానంలో గూడా మోకాళ్ళున్నాయి, మణికట్లున్నాయి. కబడ్డీలో కాలు మెలిపడుతుంది. వాలీబాల్‌లో ఎగిరి దిగేటప్పుడు చీలమండ మడతపడుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? "ఏం కాదు పోరా, నరం ఎక్కింది, ఉరుకు, అదే సర్దుకుంటది" అంటాం. ఆ సాయంత్రం వేడి నూనెతో గట్టిగా తిక్కిస్తాం. తెల్లారి వాచిన కాలితోనే మళ్ళీ కూతకు పోతాం. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు.

ఇది ధైర్యం కాదు, తెలియనితనం. కొత్తగా బెణికిన చోట మొదటి రెండు రోజులూ మాలీషూ వేడి కాపడమూ చేస్తే లోపలి వాపు పెరుగుతుంది. చేయవలసింది ఆట ఆపటం, గుడ్డలో చుట్టిన ఐసును కొద్దిసేపు అద్దటం, మరీ బిగించకుండా కట్టు కట్టటం, కాలిని దిండు మీద ఎత్తిపెట్టటం. బరువు మోపలేకపోయినా, ఆకారం మారినట్టు కనిపించినా, వేళ్ళు తిమ్మిరెక్కినా ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపి ఎక్స్‌రే తీయించుకోవాలి. వాపు తగ్గగానే గాయం మానినట్టు కాదు. చుట్టూ వున్న కండరానికి బలం వచ్చేదాకా మెల్లమెల్లగా వ్యాయామం చేయాలి. కీళ్ళు మరీ వదులుగా వుండి బాగా వంగేవాళ్ళు అది గొప్పగా నలుగురికీ చూపించటం మాని, ఆ కీలు చుట్టూ కండరాలను గట్టిపరచుకోవటం మేలు.

మన ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. ఆడుకోవటానికి ఇంట్లో ఒప్పించటానికే వాళ్ళు సగం శక్తి ఖర్చుపెడతారు. చిన్న గాయమైనా చెబితే "ఇందుకే వద్దన్నాం" అంటారని దాచుకుంటారు. దాచుకున్న గాయం ఆటనే మింగేస్తుంది. అధ్యాపకులూ తల్లిదండ్రులూ ఈ భయం పోగొట్టాలి. గాయం తప్పు కాదు, దాని మాట వినాలి.

మరొక సంగతి. దారి మూసుకుపోయినప్పుడు పక్కదారి చూసుకోవటం ఓటమి కాదు. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దగ్గర ఆగిన మనిషి డబుల్స్‌లో మొదటి ర్యాంకుకు చేరింది. అనుకున్న సీటు దొరకనివాళ్ళకూ, ఒక పరీక్ష చేజారినవాళ్ళకూ, ఆట మానుకోవలసి వచ్చి శిక్షకులుగానో రెఫరీలుగానో మారదలచినవాళ్ళకూ ఇందులో ఆలోచించుకోవలసింది ఎంతో వున్నది. తన బలం ఏదో, ఆ బలం ఎంత మూల్యం అడుగుతుందో తెలుసుకున్నవాళ్ళే ఎక్కువ దూరం నడుస్తారు. మన కళాశాల మైదానంలో ఈ ఏడు ఆడబోయే ప్రతి జట్టూ బంతితోపాటు ఒక కట్టు గుడ్డనూ, కొంచెం ఐసునూ, కొంచెం ఓపికనూ గూడా వెంట తెచ్చుకుంటుందని ఆశిద్దాం.